వేట లేని రెండు నెలలు, పేదరికపు లెక్క: ఎం.ఏ. చదువులో నా అనుభవం

విశాఖపట్నంలో డిగ్రీ పూర్తయ్యాక కొంతకాలం నేను ఒక చిన్న రుణాల సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. మహిళా బృందాల నుంచి వారం వారం వసూలైన వాయిదాలను కంప్యూటర్లో ఎక్కించడం నా పని. బాకీ పడేవారు చాలా తక్కువ కాబట్టి కాగితం మీద అంతా సవ్యంగానే కనిపించేది. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మోటారు బోట్లు, మరబోట్లు వేటకు వెళ్లకూడదు. మగవాళ్ల సంపాదన పూర్తిగా ఆగిపోయే ఆ 61 రోజుల్లో కూడా ఒడ్డున ఉన్న పేటల నుంచి వాయిదాలు తప్పకుండా వస్తుండేవి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు మా ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు, ఆ ప్రశ్న అడగవలసిన అవసరమూ అక్కడ ఎవరికీ లేదు. 2022లో ఆ ఉద్యోగం మానేసి ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరడానికి నాకున్న కారణాల్లో ముఖ్యమైనది ఇదే. పేదరికం, అసమానతలు, అభివృద్ధి గురించి పీజీ స్థాయిలో చదవాలనుకునేవారికి ఆ చదువు లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలియాలని ఈ అనుభవాన్ని రాస్తున్నాను.

ప్రవేశ పరీక్ష గురించీ కౌన్సెలింగ్ గురించీ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏపీ పీజీసెట్ రాసినవాళ్లందరికీ తెలిసిన దారే అది. మొదటి ఏడాది మాత్రం కష్టంగానే గడిచింది. తెలుగు అకాడమీ పుస్తకాలతో డిగ్రీ చదివి వచ్చిన నాలాంటివారికి సూక్ష్మ అర్థశాస్త్రంలోని గణితమూ, గణాంక శాస్త్రమూ ఒకేసారి మీద పడ్డాయి. వీటిని దాటకుండా పేదరికం గురించి మాట్లాడటానికి వీల్లేదని మా అధ్యాపకులు మొదట్లోనే గట్టిగా చెప్పారు. అప్పుడు అది అనవసరమైన కఠినత్వంలా అనిపించినా, ఆ మాట ఎంత నిజమో మూడో సెమిస్టర్‌లో అభివృద్ధి అర్థశాస్త్రం మొదలయ్యాక బోధపడింది. పేదల పట్ల సానుభూతి చాలామందికి ఉంటుంది. పేదలు ఎందరు, ఎంత పేదలు, ఎప్పటి నుంచి పేదలు అన్న మూడు ప్రశ్నలకు బాధ్యతగా జవాబు చెప్పాలంటే మాత్రం లెక్క రావాలి.

దారిద్ర్యరేఖ చరిత్రను మాకు బోధించిన తీరు నాకు బాగా నచ్చింది. దాదాభాయి నౌరోజీ దగ్గర మొదలుపెట్టారు. 1867-68 నాటి ధరల ప్రకారం మనిషి బతకడానికి ఏడాదికి ప్రాంతాన్ని బట్టి 16 నుంచి 35 రూపాయల వరకు కావాలని ఆయన అంచనా వేశారు. దానికి ఆధారంగా తీసుకున్నది ఓడల్లో వలస వెళ్లే కూలీలకు ప్రయాణంలో ఇవ్వాలని నిర్ణయించిన ఆహారపు కొలత. బర్మాకు కూలీలను తీసుకుపోయిన ఓడలు ఆగిన రేవుల్లో మన విశాఖపట్నం కూడా ఒకటి కాబట్టి, ఆ పాఠం వింటున్నప్పుడు అది ఎక్కడో దూరాన జరిగిన చరిత్రగా నాకు అనిపించలేదు. ఆ తర్వాత 1971లో ఆర్థికవేత్తలు దండేకర్, రథ్ చేసిన అధ్యయనం, 1979లో గ్రామాల్లో 2,400, పట్టణాల్లో 2,100 కేలరీలను ప్రాతిపదికగా తీసుకున్న నిపుణుల బృందం, 1993లో లక్డావాలా, 2009లో తెందూల్కర్, 2014లో రంగరాజన్ కమిటీల నివేదికలు వరుసగా చదివాము. 2011-12కు తెందూల్కర్ పద్ధతిలో దేశంలో పేదలు 21.9 శాతం. అదే సంవత్సరానికి రంగరాజన్ పద్ధతిలో 29.5 శాతం. మనుషులు వాళ్లే, సంవత్సరం అదే, గీత ఒక్కటే మారింది. ఆ రెండు అంకెల మధ్య తొమ్మిది కోట్లకు పైగా ప్రజలు ఉన్నారు. పట్టణాల్లో రోజుకు 32 రూపాయల ఖర్చు చాలునన్న ప్రణాళికా సంఘం ప్రమాణపత్రం మీద 2011లో దేశమంతా రేగిన ఆగ్రహం వెనుక కూడా ఇదే సమస్య ఉంది.

గీత ఎక్కడ గీయాలన్నది సగం ప్రశ్న మాత్రమేనని అమర్త్య సేన్ 1976లో రాసిన వ్యాసం ద్వారా తెలుసుకున్నాము. గీతకు రూపాయి కింద ఉన్నవాడినీ, వంద రూపాయల కింద ఉన్నవాడినీ తేడా లేకుండా ఒక్కొక్క తలగానే లెక్కిస్తే, అందరికన్నా నిరుపేద దగ్గరున్నది లాక్కుని గీతకు దగ్గరలో ఉన్నవాడికి ఇచ్చి గీత దాటించినా పేదరికం తగ్గినట్టే లెక్క తేలుతుంది. ఈ లోపాన్ని సరిచేయడానికి 1984లో ఫాస్టర్, గ్రీర్, థోర్‌బెక్ ప్రతిపాదించిన, గీతకు ఎంత కింద ఉన్నారో కూడా లెక్కలోకి తీసుకునే కొలమానాలను మేము ఎక్సెల్‌లో చేత్తో కట్టి చూశాము. అసమానతల విషయంలో మాత్రం తరగతిలో వాదన ఎప్పటికీ తెగేది కాదు. పేదరికాన్ని లెక్కకట్టడానికి వాడే మన అధికారిక సర్వేలు వినియోగ వ్యయాన్ని కొలుస్తాయి గానీ ఆదాయాన్ని కాదు. సంపన్నులు సంపాదించినదంతా ఖర్చు చేయరు, పైగా సర్వే చేసేవాళ్లకు వాళ్ల తలుపులు తెరుచుకోవడం కూడా కష్టమే. 2023-24 సర్వే ప్రకారం గ్రామాల్లో వినియోగపు గినీ గుణకం (అందరికీ సమానంగా ఉంటే 0, అంతా ఒక్కరికే చేరితే 1) 0.237 మాత్రమే. మరోవైపు ప్రపంచ అసమానతల అధ్యయన బృందం 2024లో వేసిన అంచనా ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరింది. ఈ రెంటిలో ఏదో ఒకటి అబద్ధమని అనుకోవడం పొరపాటు. రెండూ కొలిచిన వస్తువులు వేరు. వార్తల్లో ఈ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోట్లాడుకోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మేము చదువుతున్న కాలానికి మరో ప్రత్యేకత ఉంది. 2017-18 వినియోగ సర్వే ఫలితాలను నాణ్యత సరిగా లేదన్న కారణంతో కేంద్రం 2019 నవంబరులో పక్కన పెట్టేయడం వల్ల, 2011-12 తర్వాత దేశంలో అధికారిక వినియోగ గణాంకాలే లేవు. పదేళ్ల పాతబడిన అంకెలతోనే తరగతిలో లెక్కలు కడుతూ ఉండగా, మా చివరి సెమిస్టర్ మధ్యలో, 2024 ఫిబ్రవరి నెలాఖరున, 2022-23 సర్వే ముఖ్యాంశాలు విడుదలయ్యాయి. దేశవ్యాప్తంగా 2,61,746 కుటుంబాలు. తలసరి నెలవారీ ఖర్చు గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. ఆ తర్వాత జరిగిన మొదటి తరగతిలో పాఠం సాగలేదు. అందరమూ ఫోన్లలో ఆ పట్టికలే చూస్తూ కూర్చున్నాము, మా అధ్యాపకులు కూడా మాతోపాటే.

అంతర్జాతీయ అభివృద్ధి అన్న పేపర్‌లో బ్రెటన్ వుడ్స్ ఒప్పందం, ప్రపంచ బ్యాంకు రోజుకు డాలరు గీత, వ్యవస్థాగత సర్దుబాటు రుణాలు, 2015లో వచ్చిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు అన్నీ ఉన్నాయి. అయితే నన్ను కదిలించింది, డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో కూర్చుని మా ఊరి గురించి చదివిన విషయం. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1988 నుంచి విశాఖపట్నం మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. వీధులు, కాలువలు, దీపాలు, సామాజిక భవనాలు వంటివి అప్పటి నుంచి వచ్చినవే. ఈ నగరంలో ఆర్థిక వృద్ధికీ, మౌలిక వసతులకూ, పేదరికానికీ మధ్య సంబంధాన్ని పరిశీలిస్తూ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ ఏమిస్ మరొకరితో కలిసి రాసిన వ్యాసం 2000లో అచ్చయింది. నేను రోజూ బస్సులో దాటిపోయే వీధులు ఒక విదేశీ పత్రికలో ఉదాహరణగా నిలిచాయని తెలిసినప్పుడు, ఇక్కడి విషయాన్ని ఇక్కడివాళ్లం కూడా అంతే శ్రద్ధగా రాయగలగాలన్న పట్టుదల పుట్టింది.

అదే రోజుల్లో గ్రామీణాభివృద్ధి మీద రాసిన బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ రచనలు చదివాను. అభివృద్ధి పనుల మీద పల్లెలకు వెళ్లే అధికారులు, పరిశోధకులు ఎండలు కాసి దారులు బాగున్న రోజుల్లోనే వెళ్తారనీ, అందువల్ల వానాకాలంలో ఆకలీ అప్పూ జబ్బూ కలిసి వచ్చే అసలు కష్టకాలం వాళ్ల కంట పడదనీ ఆయన 1980ల మొదట్లోనే రాశారు. ఆ పేరా చదివి పుస్తకం మూసేసి చాలాసేపు ఆలోచించాను. మా తీరానికి కష్టకాలం వానాకాలం కాదు, నడి వేసవి. కానీ సూత్రం అదే. పేదరికాన్ని ఎక్కడ, ఎవరిని అడిగామన్నదానితో పాటు ఎప్పుడు అడిగామన్నది కూడా జవాబును నిర్ణయిస్తుంది. మూడో సెమిస్టర్ జరుగుతుండగా, 2023 నవంబరు 19 రాత్రి, విశాఖ చేపల రేవులో మంటలు చెలరేగి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బోటు విలువ కాగితం మీద చూపించగలిగినది. ఆ బోటు మీద వాటాకు వెళ్లే కళాసీ, అతడు తెచ్చిన చేపను గంపలో పెట్టి వీధుల్లో అమ్మే అతని భార్య, ఐసు మోసేవాడు, చేపలు ఎండబెట్టే ముసలమ్మ, వీళ్ల నష్టాన్ని ఏ కాగితం మీద చూపించాలి? నా పరిశోధనాంశం ఆ వారంలోనే స్థిరపడింది. ఒడ్డున ఉన్న ఒక మత్స్యకార పేటలో అవే కుటుంబాలను వేట సాగుతున్నప్పుడు ఒకసారి, నిషేధం అమలులో ఉన్నప్పుడు మరొకసారి కలిసి, ఖర్చునూ రాబడినీ అప్పునూ పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నాను.

ప్రశ్నావళి తయారు చేయడం, చూసేవారికి తేలికగా కనిపించినా, ఈ చదువు మొత్తంలో నాకు ఎక్కువ నేర్పిన పని. జాతీయ సర్వే పద్ధతినే అనుసరించాను. కూరగాయలు, చేపలు, మాంసం, గుడ్లు, నూనె వంటివాటిని గడచిన ఏడు రోజులకు అడగాలి. బట్టలు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, మన్నికైన వస్తువులు వంటివాటిని గడచిన 365 రోజులకు అడగాలి. మిగిలినవాటిని 30 రోజులకు అడగాలి. మా గైడ్ గారు ఒక్కొక్క ప్రశ్న మీద వేలు పెట్టి, ఇది ఎవరిని అడుగుతారు, ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటారు, చెప్పడానికి వాళ్లకు ఇబ్బంది ఉంటుందా అని అడిగేవారు. ఫోన్లో యాప్ మీద జవాబులు నమోదు చేద్దామనుకున్న ఆలోచనను ఆమె సలహా మీదనే మానుకుని కాగితాలు తీసుకెళ్లాను. అది ఎన్నికల కాలం. ఫోను చేతిలో పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ వివరాలు అడిగే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 2024 మే 13న పోలింగ్. మొదటిసారి వెళ్లినప్పటి నుంచీ నన్ను అందరూ అడిగిన ప్రశ్న, ఏ పార్టీ తరఫున వచ్చానని. రెండో ప్రశ్న, దీని వల్ల ఏదైనా పథకం వస్తుందా అని. రాదని ముందే స్పష్టంగా చెప్పాలి. అది చెప్పిన తర్వాత కూడా చాప వేసి కూర్చోమన్నవాళ్లే నాకు నిజమైన జవాబులు ఇచ్చారు.

ఒక ఇంటి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఆవిడ పొద్దున్నే రేవులో వేలంపాటలో చేపలు కొని గంపతో ఎంవీపీ కాలనీ వైపు వెళ్లి అమ్ముతుంది. భర్త మరబోటు మీద కళాసీ. వారంలో ఎన్ని రూపాయల చేపలు తిన్నారని అడిగితే, చేపలకు మేము డబ్బులు పెడతామా అని ఆశ్చర్యపోయింది. బోటు దిగినప్పుడు ఒక్కొక్క కళాసీకి కూరకని కొన్ని చేపలు ఇస్తారు. కొన్నది కాకపోయినా తిన్నది కాబట్టి దానికి విలువ కట్టి ఖర్చులో కలపాలి. ఏ ధర కట్టాలి? కాలనీలో ఆవిడ అమ్మే ధరా, రేవు గట్టు మీద ఆ రోజు పలికిన ధరా? జాతీయ సర్వేలో సొంత ఉత్పత్తికి ఉత్పత్తిదారుకు అందే ధరనే కడతారు కాబట్టి నేను గట్టు ధర తీసుకున్నాను. చేప రకాన్ని బట్టి ఆ కొద్దిపాటి కూరకే వారం లెక్క ఎంతో మారిపోయేది. ఇంత చిన్న నిర్ణయం ఒక కుటుంబాన్ని గీతకు అటో ఇటో చేర్చగలదని తరగతిలో విన్నప్పుడు ఊహించడం కష్టం. ఆ చాప మీద కూర్చుని ఆవిడ ముందే ధర కట్టినప్పుడు తెలుస్తుంది.

ప్రశ్నావళి ఇవ్వలేనిది మరొక పద్ధతి ఇచ్చింది. పొదుపు సంఘం సమావేశం ముగిశాక కొందరు ఆడవాళ్లు ఆగి, సామాజిక భవనం గచ్చు మీద నాతో కలిసి ఏడాది పట్టిక గీశారు. ఇది ఛాంబర్స్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. జనవరి, ఫిబ్రవరి అంటూ నేను గళ్లు మొదలుపెట్టగానే ఒక పెద్దావిడ వాటిని చెరిపించి, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, సింహాచలం చందనోత్సవం, తొలకరి, వినాయక చవితి, దసరా, కార్తీకం, కనకమహాలక్ష్మి మార్గశిర పూజలు అంటూ తనే వరుస చెప్పింది. ఒక్కొక్క గడిలో రాబడికి కొన్ని, అప్పుకు కొన్ని చింతపిక్కలు పెట్టాలి. నిషేధం తీరగానే రాబడి పిక్కలు గుట్టగా పడ్డాయి. కార్తీకంలో బాగా పలచబడ్డాయి. ఒకవైపు తుపాను హెచ్చరికలతో బోట్లు కదలవు, మరోవైపు ఊళ్లో చాలామంది నీచు ముట్టని నెల కాబట్టి దొరికిన చేపకూ ధర రాదు. ఈ రెండో కారణం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అప్పు పిక్కలు మాత్రం చందనోత్సవం దగ్గర మొదలై తొలకరి గడిలో పట్టనన్ని అయ్యాయి. నిషేధం ముగిసే జూన్ రెండో వారంలోనే బడులూ తెరుస్తారు. రెండు నెలల పాటు సంపాదన లేని ఇంటి మీద ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల ఖర్చు సరిగ్గా అదే వారంలో వచ్చి పడుతుంది. పిక్కలు పెడుతున్న చేతులు ఆ గడి దగ్గర నెమ్మదించాయి. ఎవరి అప్పు ఎంతన్నది బయటపడకుండా అందరూ కలిసి ఒకే గుట్ట పోశారు. అది వాళ్ల మర్యాద.

మేలో రెండో విడత కోసం వెళ్లినప్పుడు పేట పేటంతా వేరేగా ఉంది. మగవాళ్లు చెట్ల కింద వలలు బాగుచేసుకుంటున్నారు, కొందరు భవన నిర్మాణ కూలికి వెళ్తున్నారు. రాబడి దాదాపు లేదు. అయితే ఖర్చు పట్టిక నింపి చూస్తే, తిండి ఖర్చు నేను అనుకున్నంతగా తగ్గలేదు. చేపల విలువ తగ్గింది, దాని స్థానంలో కోడిగుడ్లూ పప్పూ వచ్చాయి. రేషన్ బియ్యం ఎప్పటిలాగే ఉంది. అదే మాట అంటే, మొదటి విడతలో కలిసిన ఆ చేపలమ్మే అక్క, "తిండి తగ్గించుకోడానికి మేమేటి కొత్తగా వచ్చినోళ్లమా? అప్పు తెచ్చైనా తింటాం గానీ, పిల్లల్ని పస్తులుంచుతామేటమ్మా?" అంది. నూటికి మూడు నుంచి ఐదు రూపాయల వడ్డీకి తెలిసినవాళ్ల దగ్గర, అంతకన్నా ఎక్కువకు రోజువారీ వసూలు చేసేవాళ్ల దగ్గర, తాకట్టు పెట్టిన బంగారం మీద, బోటు యజమాని ముందుగా ఇచ్చిన అడ్వాన్సు మీద ఆ తిండి నడుస్తోంది. సంఘం వాయిదా కూడా వాటిలోనుంచే కడుతున్నారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. బాకీ లేని ఆ పట్టికలన్నిటి వెనుకా మరో అప్పు ఉంది.

విశ్లేషణ దగ్గర అసలు చిక్కు వచ్చింది. 2011-12కు ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాలకు తెందూల్కర్ గీత తలసరి నెలకు 1,009 రూపాయలు. ధరల సూచీతో సవరిస్తే 2024కు అది రెండింతలకు కొంత తక్కువగా తేలుతుంది. ఈ గీత ప్రకారం చూస్తే వేట ఉన్న నెలకూ లేని నెలకూ మధ్య పేద కుటుంబాల సంఖ్యలో పెద్ద తేడా కనబడదు. ఎందుకంటే వినియోగ వ్యయం అన్న లెక్కలో ఖర్చైన రూపాయి సంపాదించినదా, అప్పుగా తెచ్చినదా అన్న భేదం లేదు. కట్టిన వడ్డీ, తీర్చిన అసలు అందులోకి రానే రావు. అప్పుల వివరాలు జాతీయ స్థాయిలో సేకరించరా అంటే సేకరిస్తారు. 2019లో అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వే జరిగింది. కానీ అది వేరే సర్వే, వేరే కుటుంబాలు. ఒక ఇంటి తిండినీ ఆ ఇంటి అప్పునూ ఒకే చోట చూపించే పట్టిక వాటిలో దొరకదు. పైగా 2022-23 సర్వేలో ఒక్కొక్క కుటుంబాన్ని వరుసగా మూడు నెలల్లో కలిశారు గానీ ఏడాది పొడుగునా కాదు. నమూనాను ఏడాది అంతటా పరిచారు కాబట్టి రాష్ట్ర సగటు సరిగానే వస్తుంది. ఒక మత్స్యకార కుటుంబం మంచి నెలల్లో కనిపించిందా, చెడ్డ నెలల్లో కనిపించిందా అన్నది మాత్రం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

అందువల్ల నా సిద్ధాంత వ్యాసంలో ప్రతి కుటుంబానికీ ఖర్చు పక్కన, ఆ నెల ఖర్చులో అప్పు తెచ్చిన భాగం ఎంతో చూపే మరో వరుస పెట్టాను. గీతకు పైనే ఉన్న కుటుంబాల్లో కూడా మే నెల తిండిలో ఎక్కువ భాగం అప్పు మీదనే నడిచిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆడవాళ్లే ఇంటిని నడిపే కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. వేట నిషేధ భృతి అప్పట్లో 10,000 రూపాయలు ఉండేది, 2025లో 20,000 చేశారు. అది వేటకు వెళ్లేవాడి పేరు మీద వస్తుంది. వేటకు వెళ్లే మగదిక్కు లేకుండా, గంప మీదనే బతికే ఒంటరి ఆడదానికి కూడా ఆ రెండు నెలలు సరుకు దొరకదు. ఆమె పేరు మాత్రం ఆ జాబితాలో ఉండదు. భృతి పెంచడం మంచిదే. కానీ నిషేధం వల్ల పని పోయినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకోవాలని నేను ఆ వ్యాసంలో రాశాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నన్ను గట్టిగానే నిలదీశారు. ఒక్క పేటను చూసి ఇంత మాట ఎలా అంటారని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. రాష్ట్రం మొత్తానికి ఇది వర్తిస్తుందని నేను అనలేదనీ, ఖర్చూ అప్పూ ఒకే ఇంట్లో కలిపి అడగాలన్న పద్ధతి గురించే నా వాదన అనీ చెప్పాను. పరిశోధకుడు అనిరుధ్ కృష్ణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 గ్రామాలను తీసుకుని, ఏ కుటుంబాలు పేదరికంలోంచి బయటపడ్డాయో, ఏవి కొత్తగా పడిపోయాయో ఊరివాళ్లనే కూర్చోబెట్టి అడిగిన అధ్యయనాన్ని ప్రస్తావించాను. ఒకవైపు కొందరు పైకి వస్తుంటే మరోవైపు కొందరు జబ్బుల ఖర్చుల వల్ల, అప్పుల వల్ల కిందకు జారుతుంటారని, సగటు ఒక్కటే చూస్తే ఈ రాకపోకలు కనిపించవని అందులో తేలింది. ఆ తర్వాత చర్చ చాలా బాగా సాగింది.

ఈ చదువుకు వచ్చేవారికి రెండు మాటలు. గణాంకాలకు డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. ఉచితంగా దొరికే ఆర్ (R) నేర్చుకుంటే చాలు, జాతీయ సర్వేల కుటుంబ స్థాయి సమాచారాన్ని కూడా గణాంకాల మంత్రిత్వ శాఖ ఉచితంగానే ఇస్తోంది. విదేశాల్లో పేదరికం, అసమానతలు, అభివృద్ధి మీద ప్రత్యేక కోర్సులు ఉన్నాయి, స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. వెళ్లగలిగినవారు తప్పక వెళ్లాలి. అయితే వెళ్లేముందే మన దగ్గర ఒక వీధిని, ఒక పేటను శ్రద్ధగా చూసి ఉంటే, అక్కడి తరగతిలో చెప్పడానికి మన దగ్గర విషయం ఉంటుంది.

వ్యాసం సమర్పించాక ఫలితాలను పేటలో చెప్పడానికి వెళ్లాను. ఇది పరీక్షలో మార్కులు వచ్చే పని కాదు, కానీ వివరాలు ఇచ్చినవాళ్లకు అవి ఏమయ్యాయో చెప్పకుండా వదిలేయడం అన్యాయమని మా గైడ్ గారూ నేనూ మొదటి నుంచీ అనుకున్నాము. గచ్చు మీద వేసిన ఏడాది పట్టికను పెద్ద కాగితం మీద గీసి తీసుకెళ్లి గోడకు అంటించాను. శాతాలు, గుణకాలు చెబుతున్నంతసేపూ మర్యాదగా విన్నారు. పట్టిక చూడగానే మాటలు మొదలయ్యాయి. సంఘం అధ్యక్షురాలు తొలకరి గడి మీద చెయ్యి పెట్టి, బ్యాంకు వాయిదా ఈ రెండు నెలలూ ఆపించగలమా అని అడిగింది. ఆ కాగితం నకలు తీసుకుని వాళ్లే బ్యాంకుకు వెళ్లి అడిగారు. ఒక్క పేట కోసం వాయిదాల తేదీలు మార్చడం తమ చేతిలో లేదని అక్కడ చెప్పారు. అయితే సంఘం సొంత పొదుపులోంచి సభ్యులకు ఇచ్చుకునే అప్పు మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. వచ్చే ఏడాది నుంచి ఆ అప్పు మీద ఏప్రిల్ 15 తర్వాత రెండు వాయిదాలు ఆపి, దసరాలోపు కలిపి కట్టేలా తీర్మానం రాసుకున్నారు. ఒంటరి ఆడవాళ్లకు ఆ పొదుపులోంచి మొదట ఇవ్వాలన్న మాట కూడా అందులో చేర్చారు. దాని మీద కొంత గొడవ జరిగి, చివరికి ఒప్పుకున్నారు. 2025 నిషేధ కాలంలో ఆ తీర్మానం ఎలా అమలైందో, బయటి వడ్డీ అప్పు ఏమైనా తగ్గిందో లేదో చూడటానికి అవే కుటుంబాలను, అదే ప్రశ్నావళితో, అప్పు వరుసను మరింత వివరంగా రాసుకుని మళ్లీ కలిశాను. ఆ సమాచారమే ఇప్పుడు నా పీహెచ్‌డీ ప్రతిపాదనకు ఆధారం.